అలమరలో ఉన్న సరుకులతో మూడు రకాల కుక్కీలు: వారం దాచి చూసి చెప్తున్నా

నమస్తే అండీ. ఈ మూడు డబ్బాలూ చూడండి. మూడింట్లోనూ నేను చేసిన కుక్కీలే. చేసి ఇవాళ్టికి ఏడో రోజు. వీటి కోసం వెన్న కొనలేదు, గుడ్లు కొనలేదు, చాక్లెట్ చిప్స్ కొనలేదు. నెల సరుకులతో పాటు ఇంటికొచ్చే గోధుమపిండి, రాగిపిండి, ఓట్స్, నెయ్యి, బెల్లం, పంచదార, పాలపొడి, ఎండుకొబ్బరి, ఇవే. ఏది బాగా వచ్చింది, ఏది వారం నిలిచింది, ఏది మెత్తబడింది, ఉన్నదున్నట్టు చెప్తాను.

మేముండేది విశాఖపట్నంలో. సముద్రం గాలికి వేయించిన అప్పడం కాసేపట్లో సాగిపోయే ఊరు ఇది. ఇక్కడ కరకరలాడుతూ నిలిచిందంటే మీ దగ్గర ఇంకా బాగా నిలుస్తుంది.

కొలతల కంటే ముందు ఒక మాట. డబ్బా మూత తీయగానే పిండి వాసన చూడండి. నాకిది తెలిసొచ్చింది సజ్జపిండితో. మర పట్టించి రెండు నెలలైన పిండి, పురుగు లేదు, ఉండ కట్టలేదు, చూడ్డానికి నిక్షేపంలా ఉంది. ట్రే నిండా కుక్కీలు చేశాను. మా పాప ఒకటి కొరికి, ఏమీ అనకుండా మిగతాది పళ్లెంలో పెట్టేసింది. నేను నోట్లో వేసుకుంటే చేదు. సజ్జల్లో కొవ్వు ఎక్కువ. పిండి పట్టించగానే ఆ కొవ్వు గాలి తగిలి చెడడం మొదలవుతుంది, రోజుల్లోనే చేదెక్కుతుంది. అంత మంచి నెయ్యి, బెల్లం కూడా దాంతో పాటే పారేశాను. బాధేసింది.

గోధుమపిండికీ ఇదే గొడవ, కాకపోతే కాస్త నెమ్మదిగా. పొట్టూ మొలకా కలిసి ఉంటాయి కాబట్టి మొలకలోని నూనె పాడవుతుంది. మైదాలో ఆ రెండూ తీసేస్తారు, అందుకే అది ఎక్కువ కాలం ఉంటుంది. కాబట్టి చిటికెడు పిండి నాలుక మీద వేసుకోండి. ముక్క వాసన వచ్చినా, చేదు తగిలినా ఆ పిండి కుక్కీలకు పనికిరాదు. నెయ్యి, ఎండుకొబ్బరి, పాలపొడి కూడా అంతే, వాసన చూశాకే గిన్నెలో వేయండి.

బేకింగ్ పౌడర్ ఎప్పుడో కేక్ కోసం కొని వెనక్కి తోసేసి ఉంటారు కదా. చెంచాడు తీసి వేడినీళ్లలో వేయండి. బుసబుసా పొంగితే పనిచేస్తున్నట్టు. వంటసోడా అయితే నిమ్మరసంలో వేసి చూడండి.

సరే, మొదటి డబ్బా. గోధుమపిండి, నెయ్యి, పంచదార. మన నాన్‌ఖటాయి బాపతు. పిండి ఒక కప్పు, అంటే 120 గ్రాములు. పంచదార పొడి 60 గ్రాములు, నెయ్యి 70 గ్రాములు, పాలపొడి రెండు చెంచాలు, బేకింగ్ పౌడర్ పావు చెంచా, యాలకుల పొడి, ఉప్పు. ఉప్పు కొంచెం ధైర్యంగానే వేయండి. ఉస్మానియా బిస్కెట్‌లో ఆ తీపీ ఉప్పూ కలిసే కదా ఇరానీ చాయ్‌తో అంత బాగుండేది. పాలపొడి వేసిందీ ఆ రుచి కోసమే.

నెయ్యి కరిగించకండి. పూసపూసగా పేరుకున్న నెయ్యే కావాలి. దాన్ని పంచదార పొడితో కలిపి తెల్లబడేదాకా, అరచేత్తో అయితే ఓ ఐదు నిమిషాలు, మర్దించండి. తర్వాత పిండి వేసి దగ్గరకు తీసుకోండి, అంతే. చపాతీ పిండిలా పిసికితే గట్టిపడిపోతాయి. వెన్నలో సుమారు 16 శాతం నీళ్లుంటాయి, నెయ్యిలో దాదాపు ఏమీ ఉండవు. నీళ్లు లేకపోతే పిండి సాగదు, అందుకే నెయ్యి కుక్కీ నోట్లో పొడిపొడిగా కరిగిపోతుంది. వెన్నతో రాసిన కొలత చూసి చేస్తుంటే, 100 గ్రాముల వెన్న బదులు 80 గ్రాముల నెయ్యి వేసుకోండి. ముద్ద కట్టకపోతే ఒక్క చెంచా పాలు చాలు.

160 డిగ్రీల్లో 18 నుంచి 20 నిమిషాలు. తీసేటప్పుడు మెత్తగా ఉన్నాయని కంగారుపడకండి, చల్లారితే గట్టిపడతాయి. ఓవెన్ లేనివాళ్లు మందపాటి గిన్నె అడుగున ఉప్పు పరిచి, స్టాండు పెట్టి, మూతేసి, పది నిమిషాలు వేడెక్కాక పళ్లెం లోపల పెట్టండి. మంట సన్నగా ఉండాలి. పైన రంగు అంతగా రాదు గానీ రుచికి లోటుండదు.

మొదటి రోజు ఇవే గెలిచాయి. మూడో రోజుకీ బాగున్నాయి. ఇవాళ... వినండి, విరుస్తున్నా. చప్పుడు తగ్గింది కదా? రుచి అలాగే ఉంది, గుల్లదనం కొంచెం పోయింది.

రెండోది రాగి. దీని మీద చాలా ఆశ పెట్టుకున్నాను. రాగిలో గ్లూటెన్, అంటే పిండిని సాగేలా పట్టి ఉంచే జిగురు, ఉండదు, అచ్చంగా దాంతోనే చేస్తే చేతిలోనే రాలిపోతాయి. అందుకని సగం రాగి, సగం గోధుమ, 60, 60. రాగిపిండిని సన్న మంట మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి పూర్తిగా చల్లార్చాలి. ఇది మానేస్తే పచ్చి వాసన కుక్కీలో కూడా వదలదు. బెల్లం పొడి 70 గ్రాములు, నెయ్యి 65, చిటికెడు సోడా, రెండు చెంచాల పాలు. ముందే ముదురు రంగు కాబట్టి కాలిందో లేదో రంగును బట్టి తెలీదు. అంచు ముట్టుకుంటే గట్టిగా, మధ్యలో కొంచెం మెత్తగా తగలాలి.

రుచి చాలా బాగుంది. బెల్లం, వేయించిన రాగి కలిస్తే సున్నుండకి దగ్గరగా ఉండే కమ్మదనం వస్తుంది. కానీ నిలవ విషయంలో ఇదే వెనకబడింది. బెల్లం గాల్లో తేమని లాగేసుకుంటుంది. నాలుగో రోజుకి ఇదిగో, వంచితే విరగట్లేదు, వంగుతోంది. మళ్లీ 130 డిగ్రీల్లో ఆరేడు నిమిషాలు పెట్టి చల్లారిస్తే కరకరలాడతాయి. చేసి చూశాను, నిజంగానే వచ్చాయి. కానీ ప్రతిసారీ ఆ పని ఎవరు పెట్టుకుంటారు చెప్పండి.

మూడోది నేను అసలు అనుకోనిది. మా చెల్లెలు మెల్‌బోర్న్‌లో ఉంటుంది. అక్కడ ఏప్రిల్ 25న, యుద్ధాల్లో పోయిన సైనికుల్ని తలుచుకునే యాన్జాక్ డే నాడు, ఓట్స్, కొబ్బరి, గోల్డెన్ సిరప్ అనే చిక్కటి పంచదార పాకంతో యాన్జాక్ బిస్కెట్లు చేసుకుంటారు. గుడ్డు ఉండదు కాబట్టి చాలా రోజులు నిలుస్తాయి. ఆ పేరంటే వాళ్లకి ఎంత గౌరవమంటే, ఆస్ట్రేలియాలో యాన్జాక్ అన్న మాట వాడకానికి ప్రభుత్వ నిబంధనలున్నాయి. ఆ పేరుతో అమ్మాలంటే పాత పద్ధతిలోనే చేయాలి, కుక్కీ అని అనకూడదు, బిస్కెట్ అనే అనాలి. నేను వేసింది బెల్లం పాకం కాబట్టి ఆ పేరు నేను పెట్టుకోను. ఓట్స్, కొబ్బరి, బెల్లం కుక్కీలు అందాం.

ఓట్స్ 90 గ్రాములు, గోధుమపిండి 120, ఎండుకొబ్బరి పొడి 60. బెల్లం 120 గ్రాములు మూడు పెద్ద చెంచాల నీళ్లతో కరిగించి వడకట్టండి. మీరెంత మంచి బెల్లం కొన్నా వడకట్టాల్సిందే, నా జల్లెడలో ఇసకా చెరకు పీచూ మిగిలాయి. పాకం పట్టక్కర్లేదు, కరిగితే చాలు. అందులో 90 గ్రాముల నెయ్యి వేసి వేడి చేసి, దించాక అర చెంచా సోడా వేయండి. ఇక్కడ దగ్గరగా చూడండి. ముదురు రంగులో అణిగిమణిగి ఉన్న బెల్లం ఒక్కసారిగా నురగ కట్టి, గిన్నె సగం దాకా పొంగి, లేత తేనె రంగుకి మారింది. మా పాప స్టూలెక్కి మరీ చూసింది. గిన్నె పెద్దది తీసుకోండి, పొయ్యి మీదికి పొంగుతుంది. ఆ నురగ అణగకముందే పిండిలో పోసి కలిపేసి, నిమ్మకాయంత ఉండలు చేసి నొక్కి, 160 డిగ్రీల్లో 14 నిమిషాలు. మధ్యలో ఖాళీ వదలండి, ఇవి పరుచుకుంటాయి.

ఏడో రోజు శబ్దం వినండి. విన్నారా? ఇది కూడా బెల్లమే, కానీ పల్చగా పరుచుకుని బాగా ఆరిపోయింది కాబట్టి నిలిచింది. మా మామయ్య గారు టీలో ముంచుకుని తింటున్నారు, ముంచినా విరిగి కప్పులో పడట్లేదు. రోజూ సాయంత్రం "ఆ కొబ్బరివి ఉన్నాయామ్మా" అని ఆయనే అడుగుతున్నారు.

ఎల్లుండి మా తమ్ముడు హైదరాబాద్ హాస్టల్‌కి వెళ్తున్నాడు. ఓట్స్‌వి ఇంకో వాయి చేసి, పూర్తిగా చల్లారాక స్టీలు డబ్బాలో సర్ది ఇస్తున్నాను. వేడి మీద మూత పెడితే ఆవిరి పట్టి దారిలోనే మెత్తబడతాయి. రాగివి వాడికి ఎంత ఇష్టమైనా ఇంట్లోనే ఉంచుతున్నాను. మళ్లీ వేడి చేసుకోవడానికి హాస్టల్లో ఓవెన్ ఎక్కడిది?