బర్లింగ్టన్ మేయర్ ఎన్నిక 2009: ఎవరితో పోటీ పెట్టినా గెలిచే అభ్యర్థి మూడో స్థానంలో ఎలా ఆగిపోయారు?

[తెర మీద: చాంప్లేన్ సరస్సు, ఒడ్డున మంచు, వెనక ఊరు]

అమెరికాలో వెర్మాంట్ చిన్న రాష్ట్రం. అందులో అన్నిటికన్నా పెద్ద ఊరు బర్లింగ్టన్. పెద్దదంటే మరీ పెద్దదేం కాదు, 2010 జనాభా లెక్కల్లో 42 వేల చిల్లర మంది. 2009 మార్చి 3న ఈ ఊళ్లో మేయర్ ఎన్నిక జరిగింది. పడిన ఓట్లు తొమ్మిది వేలకు కాస్త తక్కువ. ఇంత చిన్న ఎన్నికే, కానీ ఓటింగ్ పద్ధతుల మీద ఎక్కడ చర్చ జరిగినా దీని పేరు వస్తూనే ఉంటుంది.

ఎందుకంటే, ఆ రోజు పడిన బ్యాలెట్లను తర్వాత తీరిగ్గా లెక్కగట్టి చూస్తే ఒక సంగతి బయటపడింది. పోటీలో ఉన్నవాళ్లలో ఒకాయన, మిగతావాళ్లలో ఎవరితో ముఖాముఖి నిలబెట్టినా గెలిచేవారు. ఆయన మేయర్ కాలేదు. ఆఖరి రౌండు దాకా కూడా రాలేదు.

అదెలా జరిగిందో అంకెలతో సహా చూద్దాం.

[తెర మీద: రనాఫ్]

ముందు ఈ మాట. ఒక సీటుకు నలుగురైదుగురు పోటీ పడితే ఓట్లు చీలిపోతాయి. మూడో వంతు ఓట్లతోనే ఒకరు గెలిచేయొచ్చు, మిగతా రెండు వంతుల మందికి ఆయన పొడ గిట్టకపోయినా సరే. అలా జరగకుండా పెట్టుకున్న ఏర్పాటే రనాఫ్. ఎవరికీ కావలసినన్ని ఓట్లు రాకపోతే మొదటి ఇద్దరినే ఉంచి, మరో రోజు మళ్లీ పోలింగ్ పెడతారు. బర్లింగ్టన్‌లో పాత నిబంధన 40 శాతం. అంత తెచ్చుకున్నవాళ్లు లేకపోతే రెండో పోలింగ్.

రెండోసారి పోలింగ్ అంటే మళ్లీ ఖర్చు, మళ్లీ ప్రచారం, మళ్లీ జనాన్ని బూత్‌ల దాకా రప్పించాలి. అందుకని 2005లో ఊరి ఓటర్లు ఒక మార్పుకు ఒప్పుకున్నారు: ఇన్‌స్టంట్ రనాఫ్. ఒకే రోజు, ఒకే బ్యాలెట్. నచ్చినవాళ్లందరికీ వరసలో నంబర్లు ఇవ్వాలి: వీరు నా 1, వీరు నా 2, వీరు నా 3. మొదటి ప్రాధాన్య ఓట్లలో ఎవరికీ సగం దాటకపోతే అట్టడుగున ఉన్నవాళ్లను తీసేసి, వాళ్ల బ్యాలెట్లను అందులో రాసి ఉన్న తర్వాతి పేరుకు కలుపుతారు. పట్టభద్రుల ఎమ్మెల్సీ కౌంటింగ్‌ను టీవీలో రాత్రంతా చూసినవాళ్లకు ‘రెండో ప్రాధాన్యం’, ‘ఎలిమినేషన్’ అనే మాటలు కొత్తేం కాదు. ఇదీ ఆ కుటుంబంలోదే.

ఈ ఊరికి రనాఫ్ ఎందుకంత అవసరమైందంటే, ఇక్కడ పోటీ రెండు పార్టీల మధ్యే కాదు. 1981లో బెర్నీ శాండర్స్ అనే స్వతంత్ర అభ్యర్థి ఇక్కడ పది ఓట్ల తేడాతో మేయర్ అయ్యారు. అవును, పదంటే పదే. ఆయన చుట్టూ చేరిన బృందమే తర్వాత ప్రోగ్రెసివ్ పార్టీగా నిలదొక్కుకుంది. దాంతో డెమోక్రాట్లు, రిపబ్లికన్లు, ప్రోగ్రెసివ్‌లు, మూడు పక్షాలకూ ఇక్కడ సొంత బలం ఉంది. ముగ్గురూ గట్టివాళ్లైన చోట మూడో స్థానం అంటే తేలిగ్గా తీసిపారేసే స్థానం కాదు. ఈ ముక్క గుర్తుంచుకోండి, కథంతా ఇక్కడే తిరుగుతుంది.

[తెర మీద: ఐదు పేర్లు, పక్కన ఖాళీ గడులు]

2009లో బరిలో ఉన్నది ఐదుగురు. అప్పటికే మేయర్‌గా ఉన్న ప్రోగ్రెసివ్ బాబ్ కిస్. రిపబ్లికన్ కర్ట్ రైట్. డెమోక్రాట్ ఆండీ మాంట్రోల్. స్వతంత్ర అభ్యర్థి డాన్ స్మిత్. గ్రీన్ పార్టీ నుంచి జేమ్స్ సింప్సన్.

మొదటి ప్రాధాన్య ఓట్లు ఇవి: రైట్‌కు 2,951. కిస్‌కు 2,585. మాంట్రోల్‌కు 2,063. స్మిత్‌కు 1,306. సింప్సన్‌కు 35.

అందరికన్నా ముందున్న రైట్‌కే దాదాపు 33 శాతం. సగం ఎక్కడ, 33 ఎక్కడ! సరే, కింది నుంచి తీసేయడం మొదలు. సింప్సన్, స్మిత్ బ్యాలెట్లు, బ్యాలెట్‌లో లేని పేర్లను ఓటర్లే చేత్తో రాసి వేసినవి, అన్నీ పంచారు. ఇప్పుడు రైట్ 3,294. కిస్ 2,981. మాంట్రోల్ 2,554.

[తెర మీద: మూడు గీతలు, మాంట్రోల్ గీత నెమ్మదిగా మసకబారుతుంది]

ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడండి. ఆ ఓట్లు పంచినప్పుడు ఎక్కువ వాటా మాంట్రోల్‌కే వచ్చింది, 491. అయినా మూడో స్థానం దాటలేకపోయారు. నిబంధన ప్రకారం ఆయన అవుట్. ఆయన బ్యాలెట్లలో 1,332 కిస్‌కు వెళ్లాయి, 767 రైట్‌కు వెళ్లాయి. 455 బ్యాలెట్లలో ఈ ఇద్దరి పేర్లూ లేవు.

ఆఖరి లెక్క: కిస్ 4,313, రైట్ 4,061. కిస్ మళ్లీ మేయర్.

పడిన ఓట్లన్నిటిలో అది 48 శాతమే. సుమారు 600 బ్యాలెట్లు ఆఖరి రౌండు వచ్చేసరికి ఎవరికీ చెందకుండా పక్కకు పోయాయి. ‘సగం దాటినవాళ్లే మేయర్ అన్నారు కదా, ఏది సగం?’ అని అడిగినవాళ్లు ఊళ్లో చాలామంది. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. కానీ దాన్ని మించిన చిక్కు ఇంకోటుంది.

[తెర మీద: రెండేసి పేర్లు ఎదురెదురుగా]

ప్రాధాన్య బ్యాలెట్‌లో ఒక సుగుణం ఏంటంటే, ఓటరు మనసులో ఎవరి కన్నా ఎవరు మేలో అందులో కనిపిస్తుంది. కాబట్టి ఏ ఇద్దరినైనా తీసుకుని, వీళ్లిద్దరే పోటీలో ఉంటే ఎవరు గెలుస్తారో లెక్కేయొచ్చు. 18వ శతాబ్దంలోనే కొండోర్సే అనే ఫ్రెంచి పండితుడు గెలుపును ఇలాగే తేల్చాలని వాదించాడు.

లెక్కేశారు. మాంట్రోల్, రైట్ ముఖాముఖి: సుమారు 930 ఓట్ల తేడాతో మాంట్రోల్. మాంట్రోల్, కిస్ ముఖాముఖి: సుమారు 590 ఓట్ల తేడాతో మాంట్రోల్. కిస్‌కూ రైట్‌కూ మధ్య అసలు తేడా 252 ఓట్లేనని గుర్తుంది కదా. అంటే మాంట్రోల్‌ది ఏదో అటూ ఇటూగా తేలిన గెలుపు కాదు.

మరి అంత ఆదరణ ఉన్న మనిషి మధ్యలోనే ఎందుకు పోయారు? ఆయన చాలామందికి రెండో మాట. కిస్‌ను ఇష్టపడేవాళ్లలో ఎక్కువమందికి రైట్ కన్నా మాంట్రోల్ నయం. రైట్‌ను ఇష్టపడేవాళ్లలోనూ చాలామందికి కిస్ కన్నా మాంట్రోల్ నయం. రెండు వైపుల నుంచీ అంత మద్దతు ఉంది, కానీ అది బ్యాలెట్‌లో రెండో గడిలో ఉంది. మొదటి గడి పేరు ఇంకా పోటీలో ఉన్నంతసేపూ రెండో గడి వైపు ఎవరూ చూడరు. రనాఫ్ పద్ధతి అంతే.

రైట్‌కు మొదటి ఓటు వేసిన ఒక ఓటరును ఊహించుకోండి. ఆయన బ్యాలెట్‌లో 1 రైట్, 2 మాంట్రోల్, 3 కిస్. ఇలా మాంట్రోల్‌ను కిస్ కన్నా పైన పెట్టిన రైట్ ఓటర్లు దాదాపు 1,500 మంది. మనసులో ఉన్నది నిజాయితీగా రాశారు. ఫలితం? అందరిలోకీ ఇష్టం లేని కిస్ గెలిచారు. ఇప్పుడు వాళ్లలో ఓ 375 మంది మాత్రం రైట్‌ను రెండులోకి దించి, మాంట్రోల్‌ను ఒకటిలో రాసి ఉంటే? మాంట్రోల్ 2,929కి చేరతారు, రైట్ 2,919కి దిగుతారు. మూడో స్థానం రైట్‌ది, ఎలిమినేట్ అయ్యేదీ రైటే. ఆఖరి పోటీ మాంట్రోల్, కిస్ మధ్య. గెలిచేది మాంట్రోల్.

నిజం రాసినందుకు నష్టపోయారు వాళ్లు. ‘మీకు నచ్చినవాళ్లకు ధైర్యంగా వేసుకోండి, ఓటు వృథా కాదు’ అని చెప్పే పద్ధతిలో ఇలా జరగడం నాకు నిజంగా బాధనిపించే విషయం. ఆ 1,500 మందీ తెలివి తక్కువవాళ్లు కారు. చెప్పినట్టే ఓటేశారు.

[తెర మీద: ఒకే బ్యాలెట్ల కట్ట, మూడు బాణాలు, మూడు ముఖాలు]

అవే బ్యాలెట్లను మూడు రకాలుగా లెక్కేయండి. ఎవరికి ఎక్కువ వస్తే వాళ్లే అంటే మేయర్ రైట్. రనాఫ్ అంటే మేయర్ కిస్. ముఖాముఖి లెక్కంటే మేయర్ మాంట్రోల్. ఓటర్లు మారలేదు, ఓట్లూ మారలేదు. లెక్కబెట్టే నిబంధన ఒక్కటే మారింది.

రనాఫ్ దండగ అని నేననను. మిగతా ఇద్దరిలో ఎవరి చేతిలోనైనా ఓడిపోయే రైట్ మూడో వంతు ఓట్లతో కుర్చీ ఎక్కకుండా అది అడ్డుపడింది. ఆఖరి ఇద్దరిలో ఎక్కువమందికి ఎవరు నయమో సరిగ్గానే తేల్చింది. ఆ ఇద్దరూ ఎవరన్న దగ్గరే దాని చూపు తప్పింది.

తర్వాత ఏమైందో త్వరగా చెప్తాను. ఎన్నిక జరిగిన కొన్ని నెలలకే, నగరపాలక సంస్థ సొంతంగా నడుపుతున్న బర్లింగ్టన్ టెలికాం అనే కేబుల్, ఇంటర్నెట్ సేవలోకి కోటీ 70 లక్షల డాలర్ల నగర నిధులు మళ్లాయని బయటికొచ్చింది. మేయర్ మీద ఊరు మండిపడింది. ఆ వేడిలోనే 2010 మార్చిలో ఇన్‌స్టంట్ రనాఫ్ మీద ఓటింగ్. రద్దు చేయాలని 3,972 మంది, ఉంచాలని 3,669 మంది. రద్దయింది. మళ్లీ పాత 40 శాతం, అవసరమైతే మరో రోజు రెండో పోలింగ్.

నన్ను ఆపి ఆలోచింపజేసేది ఇక్కడే. 2009 ఓట్లకు ఆ పాత నిబంధనే పెట్టి చూడండి. 40 శాతం ఎవరికీ లేదు. రెండో పోలింగ్‌కు వెళ్లేది మొదటి ఇద్దరు: రైట్, కిస్. మాంట్రోల్ అప్పుడూ బయటే! ఏ లోపం చూపించి కొత్త పద్ధతిని తీసేశారో, ఆ లోపం తిరిగి తెచ్చుకున్న పద్ధతిలోనూ అలాగే ఉంది. కోపం మేయర్ మీద, వేటు బ్యాలెట్ మీద పడిందని నాకనిపిస్తుంది.

[తెర మీద: 2021, 2023, 2024]

పదేళ్లు దాటాక ఊరు మనసు మార్చుకుంది. 2021లో నగర కౌన్సిల్ ఎన్నికలకు ప్రాధాన్య ఓటు కావాలని ఓటర్లే తీర్పిచ్చారు. 2023లో మేయర్ ఎన్నికకూ కావాలన్నారు. వెర్మాంట్‌లో నగర చార్టర్, అంటే ఊరి పాలనకు మూలమైన నియమావళి, మారాలంటే రాష్ట్ర శాసనసభ కూడా ఒప్పుకోవాలి, ఒప్పుకుంది. 2024 మార్చిలో మేయర్ పదవికి మళ్లీ ప్రాధాన్య బ్యాలెట్లు వచ్చాయి. ప్రోగ్రెసివ్ ఎమ్మా మల్వేనీ-స్టానక్, డెమోక్రాట్ జోన్ షానన్ ప్రధాన అభ్యర్థులు. ఈసారి మల్వేనీ-స్టానక్‌కు మొదటి ప్రాధాన్య ఓట్లలోనే సగం దాటిపోయాయి. బర్లింగ్టన్ ఎన్నుకున్న తొలి మహిళా మేయర్ ఆవిడే. ఓటర్లు ఓపిగ్గా నింపిన రెండో గడి, మూడో గడి లెక్కలోకి తీసుకోవాల్సిన పనే పడలేదు.