చీర మగ్గం ఎక్కకముందు

శ్రోతలకు నమస్కారం.

రాముడు అడవికి బయలుదేరేటప్పుడు నారచీర కట్టాడని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. చీర అంటే ఒకప్పుడు ఒంటికి చుట్టుకునే బట్ట. ఆడా మగా తేడా లేదు. ఆ నారచీర ఎలా కట్టుకోవాలో తెలియక సీత నిలబడిపోతే, రాముడే దగ్గరకొచ్చి ఆమె పట్టుబట్ట మీద కట్టాడని వాల్మీకి రాశాడు. ఉత్తరాదివాళ్లు అనే సాడీ 'శాటి' అనే సంస్కృత పదం నుంచి వచ్చింది. మనం మాత్రం ఆ పాత చీర మాటనే ఇప్పటికీ వాడుకుంటున్నాం.

కత్తెర, సూది అక్కర్లేని ఐదున్నర మీటర్ల బట్ట ఇది. పెళ్లిలో కొంగుముడి వేసేది దీనితోనే. పాతబడితే పసిపిల్లలకు ఉయ్యాలవుతుంది, ఆ తర్వాత బొంతవుతుంది. మా అమ్మ చీరలతో కుట్టిన బొంత మా ఇంట్లో ఇంకా ఉంది. అందులో ఒక ముక్క పోచంపల్లిది. దాని గురించే ఈ రోజు కాస్త వివరంగా చెప్పాలని ఉంది.

పోచంపల్లి చీర మీద పువ్వును బట్ట నేశాక అద్దరు. అది దారంలోనే పుడుతుంది. ఏ దారంలో ఎక్కడ ఏ రంగు రావాలో ముందే లెక్క వేసి, రంగు తగలకూడని చోట సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలతో బిగించి కట్టి, రంగులో ముంచుతారు. ఆరాక విప్పి, ఇంకోచోట కట్టి, మరో రంగులో వేస్తారు. ఆ దారాన్ని మగ్గం మీద నేస్తుంటే పువ్వు వరస వరసగా తేలుతుంది. దాని అంచులు కొంచెం చెదిరినట్టు ఉంటాయి. అది లోపమనుకోకండి, నాకైతే ఆ చీర అందమంతా అక్కడే ఉందనిపిస్తుంది. కొనేటప్పుడు తిరగేసి చూడండి. రెండు వైపులా రంగు ఒకేలా ఉండాలి.

అయితే దారం కట్టడానికి ముందే ఇంకో పని ఉంది. దాన్ని ఆసు పోయడం అంటారు. అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు ఉంటాయి. వాటికి ఎదురుగా ఉన్న మేకు నుంచి ఒక్కో మేకు దాకా దారాన్ని చేత్తో తీసుకెళ్లి, మళ్లీ వెనక్కి తేవాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు ఇలా ఆడాలి. నాలుగైదు గంటల పని. చేసేది ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లే. భుజాలు పడిపోయేవి. చీర ఎంత బాగుందో అన్నవాళ్లు చాలామందే గానీ, ఆ భుజాల గురించి అడిగినవాళ్లు తక్కువ.

ఆలేరు దగ్గర శారాజీపేటలో ఒక కొడుకు అడిగాడు. చింతకింది మల్లేశం. ఆరో తరగతితోనే చదువు ఆగిపోయింది. తల్లి లక్ష్మి భుజం నొప్పితో పడే బాధ చూడలేక, ఈ పని చేసే యంత్రం తయారు చేయాలనుకున్నాడు. అప్పులయ్యాయి. అయినా వదల్లేదు. ఏడేళ్లు పట్టింది. 1999లో యంత్రం సిద్ధమైంది. చీరకు గంటన్నర చాలు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఆ యంత్రానికి ఆయన పెట్టిన పేరు లక్ష్మీ ఆసు యంత్రం. అమ్మ పేరు.

సెలవు.