కాటా సర్కారుది, కోటా ఎవరిది? పొగాకు వేలం మీద ఒక మాటామంతీ

వ్యాఖ్యాత: ఒంగోలు నుంచి అందరికీ నమస్కారం. మార్కెట్లో ప్రభుత్వం ఎంతదాకా వేలు పెట్టొచ్చు అనే మాట ఊరికే మొదలుపెడితే గాల్లో తేలిపోతుంది. అందుకని పొగాకు పట్టుకుందాం. టంగుటూరు, కొండపి, పొదిలి, కందుకూరు, అట్నుంచి కలిగిరి, డీసీ పల్లి దాకా వేలం కేంద్రాలున్న నేల మనది. అన్నా, అసలు పొగాకు బోర్డు చేసే పనేందో ముందు చెప్పండి.

అతిథి: బోర్డు ఒకటేనమ్మా, పనులు రెండు. చిక్కంతా ఆ రెంటినీ కలిపేసి మాట్లాడటంలో ఉంది. 1975లో చట్టం వచ్చింది, 1976 జనవరి 1న గుంటూరు కేంద్రంగా బోర్డు మొదలైంది. మొదటి పని, సిగరెట్లకి వాడే వర్జీనియా పొగాకు ఎవరు వెయ్యాలి, ఆకుని వేడితో ఎండబెట్టే ఏ బ్యారన్‌కి ఎన్ని కిలోలు అని తేల్చడం. రెండో పని, పండిన ఆకు అమ్ముడయ్యే చోట కాటా, పాట, డబ్బు సరిగ్గా జరిగేట్టు చూడటం. ఆ రెండోది మన రాష్ట్రంలో 1985లో మొదలైంది, కర్ణాటకలో అంతకు ఒక ఏడాది ముందు. నా మటుకు నాకు రెండో పనికి నూటికి నూరు మార్కులు వేస్తాను. మొదటిదానికి మాత్రం చాలా ప్రశ్నలున్నాయి.

వ్యాఖ్యాత: మంచిదాంతోనే మొదలుపెడదాం. వేలంలో ఏం జరుగుతుందో బయటివాళ్లకి తెలియదు గదా.

అతిథి: రైతు తనకిచ్చిన తేదీ ప్రకారం బేళ్లు, అంటే కట్టిన ఆకు మూటలు, తీసుకొస్తాడు. ఎలక్ట్రానిక్ కాటా మీద తూకం, ప్రతి బేలుకీ ఒక చీటీ. బోర్డు సిబ్బంది ఆకు చూసి గ్రేడు రాస్తారు. బేళ్లు వరసగా పరుస్తారు. కొనేవాళ్లు వరస వెంబడి నడుస్తూ చేతిలో ఉన్న చిన్న యంత్రంలో ధర నొక్కుతారు. ఎవరిది ఎక్కువైతే బేలు వాళ్లది. ధర నచ్చకపోతే రైతు ఇవ్వనని చెప్పి వెనక్కి తీసుకుపోవచ్చు. ఈ ఆఖరి మాట చిన్నదిగా కనిపిస్తుంది గానీ, కాదనే హక్కు లేనిచోట దాన్ని మార్కెట్ అనకూడదు.

వ్యాఖ్యాత: అంతకుముందు ఊళ్లోకొచ్చి కొనేవాళ్లు గదా?

అతిథి: అవును. అప్పుడు కాటా వ్యాపారిది, గ్రేడు వ్యాపారి నోటి మాట, డబ్బు అప్పు. పైన తరుగు. తరుగు అంటే ఏదో చిల్లర అనుకుంటారు, లెక్కేసి చూడండి. 130 కిలోల బేలు అనుకుందాం, నూటికి రెండు తరుగు తీశాడనుకుందాం. 2.6 కిలోలు పోయింది. కిలో 250 అయితే బేలుకి 650 రూపాయలు. పాతిక బేళ్లకి 16,250. ఎవరూ దొంగతనం అనలేదు, కేసు లేదు, కబురు లేదు. మార్కెట్‌కి మొట్టమొదట కావలసింది ఎవరి పక్కా వంగని కాటా. అది పెట్టడం సర్కారు పనే. స్వేచ్ఛా మార్కెట్ కోరేవాళ్లు దీన్ని వ్యతిరేకించాల్సిన పని లేదు.

వ్యాఖ్యాత: మరి నోబిడ్, అంటే బేలుకి ఎవరూ పాట పాడకపోవడం? అన్నీ సరిగ్గా ఉంటే బేళ్లు తిరిగి ఇంటికెందుకు పోతాయి?

అతిథి: రెండు రకాల కారణాలు. ఆకులోనే తప్పు ఉండటం ఒకటి. తేమ ఎక్కువైతే బేలు లోపల వేడెక్కి ఆకు నల్లబడుతుంది, బూజు పడుతుంది. కొనేవాడు చెయ్యి లోపలికి పెట్టి చూస్తాడు, పైన మెరుపు చూసి మోసపోడు. తేమ మరీ తక్కువైతే ఆకు పొడైపోతుంది. అడుగాకు, నడిమాకు కలిపి కట్టినా, ప్లాస్టిక్ దారం, గడ్డి కనిపించినా పక్కన పెడతారు. బ్యారన్‌లో తప్పు జరిగినా అంతే. ఆకు పసుపు తిరిగేదాకా 35 నుంచి 40 డిగ్రీల్లో ఓపిక పట్టాలి. తర్వాత మెల్లగా పెంచుకుంటూ పోయి ఈనె ఎండేటప్పటికి 70 డిగ్రీల దగ్గరికి తేవాలి. తొందరపడి మంట పెంచితే ఆకు పచ్చగానే ఎండిపోతుంది. ఆ రంగు ఇంక మారదు.

వ్యాఖ్యాత: రెండో కారణం?

అతిథి: కొనేవాళ్లు తక్కువ. జాబితాలో పేర్లు బాగానే ఉంటాయి. రోజూ గట్టిగా పాడేవాళ్లని మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నలుగురైదుగురే ఉన్నచోట మాటామాటా కలుపుకోవడం తేలిక. కలుపుకుంటున్నారని నేను చెప్పట్లేదు, కలుపుకోవడం తేలిక అంటున్నాను. అట్టాంటిదాన్ని ఆపడానికే 2002 కాంపిటీషన్ చట్టం ఉంది. పాటలో కుమ్మక్కుని 3వ సెక్షన్ పేరు పెట్టి మరీ నిషేధించింది. సర్కారు తన బలం చూపించాల్సింది ఇక్కడ. ప్రతి బేలుకీ ఎవరు ఎంత నొక్కారన్నది కంప్యూటర్లోనే ఉంటుంది గదా. పేర్లు తీసేసి ఆ వివరాలు రోజూ బయటపెడితే చాలు, అర్థం చేసుకునేవాళ్లు అర్థం చేసుకుంటారు.

వ్యాఖ్యాత: సరే, ఇంక మీకు గిట్టని మొదటి పనికి వద్దాం. కోటా.

అతిథి: గిట్టకపోవడం కాదు. ఖర్చెవరు మోస్తున్నారో చూద్దాం అంటున్నాను. ప్రతి ఏడాదీ రాష్ట్రానికి ఇంత పంట అని తేలుస్తారు, దాన్ని బ్యారన్లకి పంచుతారు. దాంతో లైసెన్స్ ఉన్న బ్యారన్‌కి ఒక విలువ పుట్టింది. ఇటుకల గోడకి కాదు, దాని మీదున్న కాగితానికి. లైసెన్స్ ఉన్నాయన పొగాకు మానేసి ఒంగోల్లోనో హైదరాబాదులోనో ఉంటాడు. పండించేది కౌలుదారు. ఉదాహరణకి బ్యారన్ కౌలు లక్షా యాభై వేలు, కోటా 35 క్వింటాళ్లు అనుకుందాం. 3,500 కిలోలతో భాగిస్తే కిలోకి దగ్గర దగ్గర 43 రూపాయలు. నారు, ఎరువు, కట్టెలు, ఆకు కొట్టే కూలి, వీటిలో ఏ ఒక్కటీ మొదలవకముందే ఆ 43 నెత్తిన పడింది. ధర బాగున్న ఏడాది తర్వాత ఏమవుతుందో చూడండి, కౌలు పెరుగుతుంది. అంటే ఆ ధర లాభం కౌలుదారు చేతిలో నిలవదు.

వ్యాఖ్యాత: కోటా తీసేస్తే అందరూ వేసి ధర కుప్పకూలదా? బర్లీ అనే ఇంకో రకం పొగాకు సంగతి చూశాం గదా. 2025లో కొనే దిక్కు లేక రాష్ట్ర సహకార మార్కెటింగ్ సంస్థ అయిన మార్క్‌ఫెడ్ చేత సర్కారే కొనిపించాల్సి వచ్చింది. బర్లీకి కోటా లేదు మరి.

అతిథి: కోటా లేదు, నిజమే. వేలం కూడా లేదు! దాన్ని మర్చిపోతే ఎట్టా? బర్లీ రైతుకి కంపెనీ మనిషి చెప్పే మాటే ధర. ముందు ఏడాది మంచి రేటు పలికింది, విత్తనం ఊరూరా తిరిగింది, నోటి మాట మీద ఎకరాలు పెరిగాయి. పంట చేతికొచ్చాక ఆ మాటకి కాగితం లేదు. సర్కారు అక్కడ చెయ్యాల్సింది ఎకరాలు లెక్కపెట్టడం కాదు. ఎంత, ఏ గ్రేడు, ఏ ధర అని రాతకోతల్లో ఒప్పందం లేనిదే కంపెనీ విత్తనం పంచకూడదని చెప్పి ఉంటే నష్టం కాస్త ముందే తెలిసేది.

వ్యాఖ్యాత: కాస్తే అంటున్నారు.

అతిథి: అవును, కాస్తే. ధర చూసి ఎగబడటం మనిషి గుణం. దాన్ని ఏ చట్టమూ ఆపలేదు. కోటా ఉన్న వర్జీనియాలో మాత్రం ఆగిందా? కోటా మించి పండించడం, అదనపు ఆకు ఎట్టా అమ్మాలని ఢిల్లీ వైపు చూడటం, జరిమానా మాఫీ చెయ్యమని అడగటం, ఇదంతా మామూలే. కోటా ఉండగానే 2020లో వర్జీనియా వేలంలోకి మార్క్‌ఫెడ్ దిగి పాడాల్సి వచ్చింది. కోటా ఉంటే ధరకి భరోసా అనుకునేవాళ్లు ఆ ఏడాది గుర్తు పెట్టుకోవాలి.

వ్యాఖ్యాత: ఇట్టాంటి పట్టు వదిలేసిన పంట ఇంకోటి ఉందా?

అతిథి: కాఫీ. 1942 చట్టం కింద రైతు పండించినదంతా అందరి పంటా కలిపి అమ్మే బోర్డు పూల్‌కి ఇవ్వాల్సిందే. డబ్బు విడతలు విడతలుగా వచ్చేది. 1990ల్లో కొంచెం కొంచెంగా వదిలి, 1996కి పూర్తిగా రైతు ఇష్టానికి వదిలేశారు. ఆ తర్వాత ప్రపంచ ధర పడినప్పుడు కాఫీ రైతు దెబ్బ తిన్నాడు కూడా. అది దాచను. కానీ పూల్ మళ్లీ పెట్టండని వాళ్లు గట్టిగా అడిగినట్టు నేను వినలేదు, చూడండి.

వ్యాఖ్యాత: ఒక ఇబ్బంది ప్రశ్న. ఇది పొగాకు. సర్కారు ఒక చేత్తో తాగొద్దంటుంది, ఇంకో చేత్తో బోర్డు పెట్టి ఎగుమతి చేయిస్తుంది.

అతిథి: రెండు నాలుకల వ్యవహారమే, కాదనను. ఇంతవరకు చెప్పగలను. 2008 అక్టోబర్ 2 నుంచి బహిరంగ స్థలాల్లో పొగ తాగడం మీద నిషేధం గట్టిగా అమలుకొచ్చింది. 18 ఏళ్ల లోపు వాళ్లకి అమ్మకూడదని 2003 పొగాకు నియంత్రణ చట్టమే చెప్పింది. ఈ రెండూ సరైన జోక్యాలే, ఎందుకంటే పొగ పక్కవాడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పిల్లవాడికి ఇంకా మంచిచెడు తెలియదు. అన్నీ తెలిసిన పెద్దమనిషి తన ఇంట్లో ఏం చేసుకుంటాడన్నది వేరే సంగతి.

వ్యాఖ్యాత: బోర్డులో ఈ మధ్య మంచి మార్పు ఏదైనా?

అతిథి: 2025లో ఒకటి వచ్చింది. రైతు రిజిస్ట్రేషనూ బ్యారన్ లైసెన్సూ ఇదివరకు ఏడాదికోసారి కొత్తది చేయించుకోవాలి. ఇప్పుడు మూడేళ్లకోసారి. మూడేళ్లకి అయినప్పుడు అయిదేళ్లకి ఎందుకు కాదని నేను అడుగుతాను, అది వేరే.

వ్యాఖ్యాత: ఇది వినే కౌలు రైతు ఈ సీజన్‌కి చూసుకోవాల్సింది ఏంది?

అతిథి: వేలం డబ్బు పడేది లైసెన్స్ పేరున్న మనిషి బ్యాంకు ఖాతాలో. ఆ ఖాతా మీద ఆయన అప్పు ఉంటే బ్యాంకు ముందు దాన్ని పట్టుకుంటుంది. అందుకని నారు నాటకముందే పాస్‌బుక్కు అడిగి చూడండి. ఎన్ని కిలోల కోటాకి ఎంత కౌలు, ఎన్ని విడతల్లో, వేలం పడ్డ ఎన్ని రోజుల్లో డబ్బు మీ చేతికి రావాలి, పంట పోతే కౌలు ఎంత తగ్గాలి, ఇవన్నీ కాగితం మీద రాసుకోండి. ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించండి. బేళ్ల చీటీల నకళ్లు మీ దగ్గర పెట్టుకోండి, లేకపోతే ఏ బేలు ఎంతకి పోయిందో మీకు ఆయన చెప్పిందే లెక్క.