పక్క గదిలో కుర్చీ

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చెబితే నాకిచ్చిన టైం అక్కడే అయిపోతుంది, మన్నించండి. రాజ్యాంగ దినోత్సవం కదా, చట్టం ముందు అందరూ సమానమనే 14వ అధికరణం మీద మాట్లాడమన్నారు. అందులోని 'చట్టాల సమాన రక్షణ' అన్న మాట అమెరికా రాజ్యాంగం 14వ సవరణ నుంచి వచ్చింది. అక్కడ మొదలుపెడదామనుకుంటే, మనసు ఆ సవరణ పేరు మీద కోర్టుకెక్కిన మెక్‌లారిన్ మాస్టారి దగ్గరే ఆగిపోయింది.

జార్జ్ మెక్‌లారిన్ నల్లజాతి ఉపాధ్యాయుడు. పీజీ చేసినవాడు. 1948లో కోర్టుకెళ్లి మరీ ఓక్లహామా విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ సీటు సాధించాడు. కుర్చీ ఎక్కడ వేశారో తెలుసా? క్లాసులో కాదు, క్లాసును ఆనుకున్న పక్క గదిలో! క్యాంటీన్లో వేరే టేబుల్, వేరే టైం. తర్వాత క్లాసులోకి రానిచ్చారు, కానీ చుట్టూ కమ్మీ కట్టి, 'నల్లవారికి' అని బోర్డు పెట్టారు.

వెనక గోడ దగ్గర నిలబడ్డ పిల్లలూ, ముందు రెండు వరసలు ఖాళీగా ఉన్నాయి. వచ్చి కూర్చోండమ్మా. పర్లేదు, రండి.

'వేరుగా ఉన్నా సమానమే' అన్నది 1896లో, నల్లవారికి వేరే రైలుపెట్టె పెట్టిన కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఒప్పుకున్న సూత్రం. ఆ లెక్కన మాస్టారికి తక్కువేమిటి? అదే పాఠం, అదే ప్రొఫెసరు. మా బడిలోనూ మాకు అదే అన్నం, అదే పప్పు. వరస వేరు. నీళ్లు పైనుంచి దోసిట్లో పోసేవారు. "మీకేం తక్కువ చేశాంరా?" అనేవారు ఒక పంతులుగారు. నాకు జవాబు తెలిసేది కాదు. అదే పప్పు కదా మరి!

జవాబు మాస్టారి కేసులోనే, 1950 జూన్ 5న ఆ సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో దొరికింది. తోటివాళ్లతో చర్చించే, అభిప్రాయాలు పంచుకునే వీలు లేకపోతే చదువే దెబ్బతింటుందని జడ్జీలందరూ ఒక్కమాటగా చెప్పారు. ఆంక్షలు తీసేసినా తోటివాళ్లు కలవరేమో అన్న వాదన వచ్చింది. మనుషులు తమంతట తాము కలవకపోవడం వేరు, ప్రభుత్వమే కలవనివ్వకపోవడం వేరు అంది కోర్టు. లా చదివే పిల్లలూ, ఈ ఒక్కటీ రాసుకోండి.

1954 మే 17న, నల్ల పిల్లలకు వేరే బడులు పెట్టడం మీద వచ్చిన బ్రౌన్ కేసులో ఇదే తీర్పును ఉదహరించి, బడిపిల్లల విషయంలో ఇది ఇంకా బలంగా వర్తిస్తుందన్నారు. విడదీస్తే ఆ పసి మనసుల్లో తాము తక్కువన్న భావం నాటుకుంటుందని, అది ఎప్పటికీ పోకపోవచ్చని రాశారు.

ఆ నీళ్ల వరసలో నిలబడినప్పుడు నేను మూడో తరగతి.