హెర్మన్ విగ్రహాన్ని పోత పోయలేదు, కొట్టి చేశారు

నమస్తే అండీ. పెద్ద పెద్ద విగ్రహాల గురించి ఎక్కడ మాట వచ్చినా ఎవరో ఒకరు అనే మాట ఇది: "అంత లోహం ఎలా కరిగించారో! అంత పెద్ద మూస ఎక్కడ పెట్టారో!" ఈ మాట విన్నప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. చాలా విగ్రహాల్లో కరిగించడమే లేదు, మూసా లేదు. ఒక్క శిల్పి కథ చెబితే మీకే తెలిసిపోతుంది.

ఆయన పేరు ఎర్నస్ట్ ఫాన్ బాండెల్. 1800లో జర్మనీలోని అన్స్‌బాఖ్‌లో పుట్టాడు. మ్యూనిక్‌లో చదివాడు, రోమ్ వెళ్లొచ్చాడు. వేరే పనులూ చేశాడు గానీ, ఆయన బతుకంతా ఒక్క విగ్రహం తినేసింది.

[తెరపై: కొండ మీద విగ్రహం, దూరం నుంచి]

ఇది డెట్‌మోల్డ్ ఊరి పక్కన, ట్యూటోబుర్గ్ అడవిలోని గ్రోటెన్‌బుర్గ్ కొండ. పైన నిలబడినవాడు హెర్మన్, రోమన్లు ఆర్మీనియస్ అని పిలిచిన, చెరుస్కీ అనే జర్మన్ తెగ నాయకుడు. క్రీ.శ. 9లో వారస్ అనే సేనాని నడిపించిన మూడు రోమన్ లీజియన్లను, అంటే వేలమంది సైనికులుండే పెద్ద దళాలను, తుడిచిపెట్టినవాడు. కింది కట్టడంతో కలిపి ఎత్తు 53.46 మీటర్లు. కత్తి మొన దాకా కొలిస్తే విగ్రహం ఒక్కటే 26.57 మీటర్లు.

ఇప్పుడు దీన్ని మ్యూనిక్‌లోని బవేరియా విగ్రహం పక్కన పెట్టి చూడండి. లుడ్విగ్ ష్వాంథాలర్ రూపం ఇచ్చాడు, 1850లో ఆవిష్కరించారు. అది నిజంగానే పోత పోసిన కంచు. ఎత్తు పద్దెనిమిదిన్నర మీటర్లు, బరువు 87 టన్నులు. మన హెర్మన్ దానికంటే ఎనిమిది మీటర్లు పొడుగు. బరువో? సుమారు 43 టన్నులు. సగం!

ఎలా సాధ్యం? రాగి బిందె గుర్తు తెచ్చుకోండి. కంచరి బిందెను పోత పోయడు. రేకు తీసుకుని సుత్తితో కొడుతూ పోతాడు. దెబ్బ పడ్డ చోటల్లా రేకు సాగి వంపు తిరుగుతుంది, గట్టిపడుతుంది కూడా. పై సగం, కింది సగం విడిగా చేసి అతుకుతాడు. హెర్మన్ కూడా అంతే. సుమారు 200 రాగి పలకలు కొట్టి, వంచి, ఒకదానికొకటి రివెట్లతో బిగించారు. లోపలంతా గుల్ల.

అయితే బిందె గుండ్రంగా ఉంటుంది కాబట్టి దాని ఆకారమే దాన్ని నిలబెడుతుంది. మనిషి ఆకారం అలా కాదు. హెర్మన్ కుడిచెయ్యి పైకి లేచి ఉంటుంది, చేతిలో కత్తి. ఆ కత్తి ఒక్కటే ఏడు మీటర్లు, 550 కిలోలు, క్రుప్ అనే జర్మన్ ఉక్కు కంపెనీ ఇచ్చింది. కొండ మీద ఈదురుగాలి ఆ కత్తిని తోస్తే, ఆ తోపు భుజానికి, భుజం నుంచి మొత్తం ఒంటికీ పాకుతుంది. ఉత్త బిందె అయితే ఎప్పుడో నలిగి ముద్దయ్యేది. అందుకే లోపల ఇనుప చట్రం. బరువు మోసేది, గాలిని తట్టుకునేది అదే. బయటి రాగికి ముఖం, కండలు, బట్టల మడతలు చూపించడమే పని. నాకైతే ఈ పని విభజనే అసలు అందం. ఎండావానల్లో బిందె నల్లబడి పచ్చబడ్డట్టే హెర్మన్ కూడా పచ్చబడ్డాడు. అది పెయింట్ కాదండీ, చిలుము.

ఈ పద్ధతి బాండెల్ కనిపెట్టింది కాదు. ఇటలీలోని అరోనాలో 1698 నాటికే రాగి రేకుతో చేసిన పెద్ద విగ్రహం ఉంది. బాండెల్ గొప్పతనం పట్టుదలలో ఉంది. పని మొదలైంది 1838లో. 1846కి రాతి కట్టడం పూర్తయింది, డబ్బులు అయిపోయాయి. చందాల మీద నడిచిన పని మరి. కవి హైన్రిఖ్ హైనే తన కవితలో ఈ విగ్రహాన్ని ఎగతాళి చేస్తూనే, తానూ చందా ఇచ్చానని రాసుకున్నాడు! బాండెల్ సొంత ఆస్తి కూడా ఇందులోనే పోసి, చివరికి హానోవర్ వెళ్లిపోయాడు. కొండ మీద పైన ఎవరూ లేని పీఠం ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది. మళ్లీ కదలిక వచ్చింది 1860లలో. 1871లో జర్మనీ ఏకమయ్యాక రైఖ్‌స్టాగ్, అంటే జర్మన్ పార్లమెంటు, కూడా డబ్బిచ్చింది. ఆఖరి రోజుల్లో బాండెల్ విగ్రహం పక్కనే చెక్క గుడిసెలో ఉంటూ పని చూసుకున్నాడు. ఆ గుడిసె ఇప్పటికీ ఉంది. 1875 ఆగస్టు 16న చక్రవర్తి మొదటి విల్హెల్మ్ ఎదుట ఆవిష్కరణ. బాండెల్‌కి అప్పుడు 75 ఏళ్లు. మరుసటి సంవత్సరం సెప్టెంబరులో పోయాడు.

టైం అయిపోతోంది, మిగిలినవి గబగబా చెప్పేస్తాను. కత్తి మీద "జర్మనుల ఐక్యతే నా బలం, నా బలమే జర్మనీ శక్తి" అని రాసి ఉంటుంది. హెర్మన్ ఎడమకాలి కింద రోమన్ సైన్యానికి గుర్తైన గద్ద. కానీ ముఖం దక్షిణాన ఉన్న రోమ్ వైపు లేదు, పడమర, ఫ్రాన్స్ వైపు ఉంది. పీఠంలోని విల్హెల్మ్ శిల్పాన్ని ఫ్రెంచివాళ్ల దగ్గర పట్టుకున్న ఫిరంగి లోహంతో పోశారు. పాత యుద్ధం పేరు చెప్పి కొత్త శత్రుత్వాన్ని కొండెక్కించారు, అది నాకు నచ్చదు. పనితనానికి మాత్రం దండం పెడతాను.

ఇంకోటి. హెర్మన్ రోమన్లను ఓడించిన ఆ యుద్ధం ఈ కొండ దగ్గర జరిగినట్టు ఆధారం లేదు. 1987 నుంచి ఓస్నాబ్రూక్‌కి ఉత్తరాన కాల్‌క్రీజ దగ్గర రోమన్ నాణేలు, ఆయుధాలు బయటపడుతూ వచ్చాయి. చాలామంది పండితులు చూపించేది ఆ చోటునే.

న్యూయార్క్ లిబర్టీ విగ్రహం 1886లో, అంటే పదకొండేళ్ల తర్వాత వచ్చింది. చేసింది ఫ్రెంచి శిల్పి బార్తోల్డి. కొట్టిన రాగి రేకు, లోపల ఈఫిల్ టవర్ పేరులో ఉన్న ఇంజనీరు ఈఫిల్ వేసిన ఇనుప చట్రం. రేకు మందం రెండున్నర మిల్లీమీటర్ల లోపే. దాని లోపలి భాగం వచ్చే వీడియోలో బొమ్మలు గీసి చూపిస్తాను. ఉంటానండీ.