ముందు వృత్తలేఖిని, తర్వాత తెర

వేదిక మీదున్న పెద్దలకు, తోటి లెక్కల టీచర్లకు నమస్కారం.

మన హైస్కూళ్లలో చాలాచోట్ల గోడలకు టచ్‌స్క్రీన్ ప్యానెళ్లు వచ్చాయి. ఇక జామెట్రీ బాక్స్ ఎందుకని అడిగేవాళ్లూ ఉన్నారు. రెండూ కావాలంటాను. కానీ ముందు వృత్తలేఖిని, ఆ తర్వాతే తెర. ఈ వరుస తప్పకూడదు.

ఒక రేఖాఖండాన్ని లంబంగా, సరిగ్గా సగానికి ఖండించే లంబ సమద్విఖండన రేఖనే తీసుకోండి. ‘సగం కంటే ఎక్కువ వ్యాసార్థం తీసుకోవాలి’ అని మనం చెబుతాం, పిల్లలు రాసుకుంటారు. ఎందుకో అప్పటికి తెలియదు. క్లాసులో ఎవరో ఒకరు వృత్తలేఖినిని తక్కువ తెరుస్తారు. రెండు కొనల నుంచీ చాపాలు గీస్తారు, అవి కలవవు. అప్పుడు పక్కన నిలబడి ‘ఎందుకు కలవలేదమ్మా?’ అని అడిగితే చాలు, మనం చెప్పిన మాట అక్కడ అర్థమవుతుంది. తెర మీద జామెట్రీ బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ జియోజీబ్రాలో ఈ పనికి ఒక బటన్ ఉంది. నొక్కితే రేఖ వచ్చేస్తుంది. చాపాలు కనబడవు, తప్పు చేసే వీలే ఉండదు.

అలాగని తెరను తక్కువ చేయను. సాల్జ్‌బర్గ్ యూనివర్సిటీలో మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో మొదలుపెట్టిన ఆ జియోజీబ్రాలోనే త్రిభుజం గీసి, పరివృత్త కేంద్రం, అంటే మూడు శీర్షాల గుండా పోయే వృత్తం కేంద్రం, గుర్తించి, ఒక శీర్షాన్ని పట్టుకుని లాగండి. లోపలున్న కేంద్రం, కోణం 90 డిగ్రీలు కాగానే కర్ణం మధ్యబిందువు మీదికి వస్తుంది. ఇంకాస్త లాగితే బయటికి వెళ్లిపోతుంది. కాగితం మీద ఇదంతా చూపేలోపు పీరియడ్ అయిపోతుంది!

నాకు ఇంకా నచ్చేది సమబాహు త్రిభుజం. కంటి అంచనాతో గీసింది ఒక శీర్షం లాగగానే చెడిపోతుంది. అదే ఒక భుజం గీసి, ఒక్కో కొన కేంద్రంగా రెండో కొన మీదుగా వృత్తం గీసి, అవి ఖండించుకున్న చోట మూడో శీర్షం పెడితే, ఎంత లాగినా భుజాలు సమానంగానే ఉంటాయి. యూక్లిడ్ ‘ఎలిమెంట్స్’లో మొట్టమొదటి ప్రతిపాదన ఇదే. వృత్తలేఖిని పట్టిన పిల్లలకు ఆ వృత్తాలు వెంటనే తడతాయి.

ఒక్క విషయంలో జాగ్రత్త. త్రిభుజం కోణాలను కోణమానినితో కొలిస్తే ఒకరికి 179, ఇంకొకరికి 181 వస్తుంది. వాదించుకుంటారు. నిరూపణ ఎందుకు కావాలో ఆ వాదనలోనే తెలుస్తుంది. తెర మాత్రం ప్రతిసారీ 180 చూపిస్తుంది. ‘కనిపిస్తోంది కదా సార్, ఇంకెందుకు?’ అంటారు. అక్కడ ఆగి, శీర్షం గుండా ఎదుటి భుజానికి సమాంతర రేఖ గీయించి, ఏకాంతర కోణాలు వెతికించాలి.

ప్యానెల్ దగ్గర మనమే నిలబడి లాగి చూపిస్తే పిల్లలకు అది సినిమా అవుతుంది. వాళ్ల చేతే లాగించండి. లాగే ముందు కేంద్రం ఎటు కదులుతుందో నోట్సులో రాయించండి.

అధికారులకు ఒక విన్నపం. మర వదులైన వృత్తలేఖినితో గీస్తుండగానే వ్యాసార్థం మారిపోతుంది, వృత్తం మొదలైన చోట కలవదు. ప్యానెళ్లకు ఖర్చు పెట్టిన చేత్తోనే ప్రతి విద్యార్థికీ గట్టి మర ఉన్న వృత్తలేఖిని ఇప్పించండి.