అరగంటకోసారి లేపే ఫోను

శ్రోతలకు నమస్కారం.

తెల్లవారుజామున ఆర్కే బీచ్ వెంట నడిచేవారిలో షుగరు ఉన్నవారు ఎందరో ఉంటారు. గంటసేపు చెమటోడ్చి నడిచిన ఆ మనిషే, తొమ్మిదింటికి ఆఫీసు కుర్చీలో కూర్చుంటే మళ్ళీ మధ్యాహ్న భోజనానికి గానీ లేవడు. ఉదయపు నడకను ఎవరూ మానవద్దు. అయితే రోజుకు కావలసిన కదలిక అంతా ఆ గంటలోనే అయిపోయిందనుకోవడం పొరపాటు.

రక్తంలోని చక్కెరను బాగా వాడుకునేవి కండరాలు, ముఖ్యంగా తొడలవీ పిక్కలవీ. కూర్చున్నంతసేపూ వాటికి దాదాపు పని ఉండదు. అదే కండరం కదిలినప్పుడు ఇన్సులిన్‌పై ఆధారపడకుండానే చక్కెరను లోపలికి తీసుకోగలదు. ఇన్సులిన్ సరిగా పనిచేయని టైప్ 2 మధుమేహంలో ఇది ఎంత పెద్ద ఊరటో ఆలోచించండి. 2016లో వెలువడిన ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలో, ఈ వ్యాధి ఉన్నవారు అరగంటకోసారి లేచి మూడు నిమిషాలు మెల్లగా నడిచినా, నిలుచున్నచోటే మడమలెత్తడం, మోకాళ్ళు పైకి లేపడం వంటివి చేసినా, కదలకుండా కూర్చున్న రోజుకంటే భోజనం తరువాత చక్కెర తక్కువగా పెరిగింది. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ కూడా 30 నిమిషాలకోసారి లేవమనే చెబుతోంది.

పనిలో మునిగినవారికి అరగంట గడిచిన సంగతి తెలియదు. అక్కడే చేతిలోని ఫోను అక్కరకొస్తుంది. గాజువాకలో ఒక దుకాణంలో పద్దులు రాసే మా అన్నయ్య, అరగంటకోసారి మోగేలా అలారం పెట్టుకున్నాడు. మొదటి వారం దాన్ని నొక్కి ఆపేసి మళ్ళీ పద్దులో తల దూర్చేవాడు. తరువాత శబ్దం తీసేసి, వైబ్రేషన్ మాత్రం ఉంచి, ఫోనును చొక్కా జేబులో వేసుకున్నాడు. ఇప్పుడు గుండెల మీద అది అదరగానే లేచి, గల్లాపెట్టె అంచు పట్టుకుని, ఇరవైసార్లు మడమలెత్తి దించుతాడు. ఫోను వస్తే నిలబడే మాట్లాడతాడు. అడుగుల లెక్క చూసుకునేవారు ఒకటి గమనించాలి: ఫోను బల్లమీద ఉంటే మీరెంత నడిచినా అది లెక్కకు రాదు.

ఇన్సులిన్ తీసుకునేవారూ, చక్కెరను బాగా తగ్గించే మాత్రలు వాడేవారూ ఈ అలవాటు మొదలుపెట్టేముందు డాక్టరుగారితో మాట్లాడండి. వణుకు, చెమట, కళ్ళు తిరగడం కనిపిస్తే ఆగి, చక్కెర పరీక్షించుకోండి. పాదాలు తిమ్మిరెక్కేవారు ఇంట్లోనైనా చెప్పులు వేసుకునే నడవండి. ఈ ప్రసంగం వింటున్నంతసేపూ కూర్చునే ఉన్నవారు, ఇప్పుడే ఒకసారి లేచి, వంటింటిదాకా వెళ్ళి మంచినీళ్ళు తాగి రండి.

నమస్కారం.